గాడిద పాలు నేనే తాగిన

"నానమ్మా, ఏందే అట్ల తలుపేసినవ్? అక్క బాబుకు గాడిద పాలు పోపిద్దామని చిన్నమ్మనే పాలాయన్ని పిలిచింది గదా. పాపం ఆయన గేటు కాడ్నే నిలవడ్డడు."

పోనీ తియ్ బిడ్డా, పోతాండు పోనీ. చిన్నమ్మకు నేను చెప్పుకుంట. ఏందది, ఫోన్ల రికార్డ్ చేస్తానవా? చేస్కో. పేర్లు మాత్రం అడగకు, చెప్ప.

కాజీపేటల ఉన్నప్పటి సంగతి. మీ తాత రైల్వేల చేసేటప్పుడు... కాదు కాదు, రిటైరైనంకనే. క్వార్టర్ ఖాళీ చేసి ఇల్లు కట్టుకున్నం, వెనుక అర్ర కిరాయికిచ్చినం. అండ్ల ఒక పిల్ల, మొగడు. కడుపుతోని ఉంటే దవాఖానల అందరికి చేసినట్టే రక్తం టెస్టు చేసిండ్రు. హెచ్ఐవీ ఉన్నదన్నరు. మొగనికి గూడ. ఎవరి నుంచి ఎవరికొచ్చిందని నేనడగలే. అడిగితే పోతదా?

ఆ పిల్ల వచ్చి నా ముంగట కూసున్నది. "అమ్మా, అర్ర ఖాళీ చెయ్యమంటవా?" అన్నది. "ముందైతే ఛాయ్ తాగు" అన్న. ముట్టుకుంటే రాదని టీవీల చెప్తుంటిరి గదా. అయినా ఆమె తాగిన గిలాస రెండుసార్లు కడిగిన, అబద్ధమెందుకు.

నర్సమ్మ ఆమెకు గట్టిగ చెప్పింది. గోలీలు రోజు మర్వద్దు. బాబు పుట్టంగనే చుక్కల మందు పొయ్యాలె. ఆర్నెల్లు నీ పాలే, ఇంకేం కలపద్దు, తేనె వద్దు, డబ్బా పాలొద్దు, నీళ్ళు గూడ వద్దు.

ఇగ బాబు పుట్టిండు. పరకాల దిక్కు నుంచి ఆ పిల్ల అత్త వచ్చింది. మంచి మనిషే, రోగం సంగతే ఆమెకు తెల్వదు. మనోళ్ళ సంగతి తెల్సు గదా, పసిపిల్లలకు గాడిద పాలు పోస్తే దమ్ము, ఆయాసం రాదంటరు. మీ నాయనకు నేను పొయ్యలేదా? అప్పుడు చారాణకే చిన్న గిన్నెడు, ఇప్పుడైతే అడుగుడే భయం.

పాలాయన వచ్చిండు, మా ముంగట్నే పిండిండు. అత్త ఉగ్గుగిన్నె పట్టుకున్నది. పిల్ల "వద్దత్తమ్మా" అంటాంది. "ఎందుకొద్దు? నా కొడుకు తాగలేదా? నాలుగు తరగతులు సదివి డాక్టరమ్మవైనవా?" అని అత్త. ఎందుకొద్దో ఎట్ల చెప్తది? చెప్తే ఇంట్ల ఉండనిస్తరో లేదో. చెప్పకుంటే పాలు బాబు నోట్లకు పోతయ్. నా మొకం చూసింది.

నేను గిన్నె గుంజుకోని గటగట తాగిన.

"యాక్, నానమ్మా. ఎట్లుండే?"

పల్చగ, తియ్యగుంటయ్. నవ్వకు, విను. "నాకు దమ్మున్నది వదినె" అన్న. "పండ్లూడినయ్, పసిపిల్లగాని పాలు తాగుతవా, సిగ్గుండాలె" అని తిట్టింది. పాలాయన నవ్వుకుంట, రేపు మల్ల వస్తనని పోయిండు.

రేపు గూడ నేనే తాగుతనా? పిల్లకు గూడ గదే సమజైంది. తలుపు దగ్గరికేసింది. నన్ను పోనియ్యలే, చెయ్యి పట్టుకున్నది.

"అత్తమ్మా, నాకు హెచ్ఐవీ ఉన్నది. మీ కొడుక్కు గూడ. బాబుకు రావద్దని మందులేస్కుంటాన. ఈ ఆర్నెల్లు నా పాలొక్కటే తాగాలె. లేత పేగులు, పై పాలు కలిస్తే ఒరుసుకపోతయట, రోగం లోపలికి పోతదట. ఎల్లగొడితే ఎల్లగొట్టుండ్రి. ఆర్నెల్లయినంక."

అత్త నా చేతులకెల్లి ఖాళీ గిన్నె తీస్కోని కొంగుతోని తుడ్సింది. ఏడుస్తదనుకున్న, ఏడ్వలే.

"నీళ్ళు గూడ వద్దన్నరా?"

"వద్దన్నరు."

"ఎండకాలమాయె."

"పాలల్లనే నీళ్ళుంటయట అత్తమ్మా."

అంతే. తెల్లారి పాలాయనొస్తే అత్తనే మర్లగొట్టింది.

తొట్టెలనాడు సుట్టాలొచ్చిండ్రు. ఒకామె తేనె సీసా, ఒకామె చక్కెర నీళ్ళు. అత్త తొట్టెకడ్డం కూసున్నది, ఒక్కరి చెయ్యి పడనియ్యలే. "ఆర్నెల్ల దాక నా మనుమనికి తల్లిపాలే. ఎములాడ రాజన్నకు మొక్కిన" అన్నది. వాళ్ళ చెల్లె "ఇదేం మొక్కే, ఎన్నడు వినలే" అన్నది.

"ఇప్పుడిన్నవు గదా" అన్నది.

కోపంతోని కొందరు తినకుండనే పోయిండ్రు. ఈమెకు తిక్కలేసిందన్నరు. అననిచ్చింది.

ఆర్నెల్లు దాటినంక బువ్వ పెట్టిండ్రు. బాబుకు దవాఖానల ఎన్నోసార్లు రక్తం తీసిండ్రు. పాలు మాన్పిచ్చినంక, ఏడాదిన్నర దాటినంక, ఆఖరి టెస్టుల గూడ లేదన్నరు. పిల్ల గోలీలు ఇడ్వలే, ఇప్పటికి ఏస్కుంటది. రోగం లేనోళ్ళకు గూడ ఆర్నెల్లు తల్లిపాలే అసలైనదట, ఆ నర్సమ్మనే చెప్పింది.

అత్త ఎములాడ పోయి గుండు గీకిచ్చుకోని వచ్చింది. "వదినె, నువ్వు మొక్కనే లేదు గదా" అన్న.

"ఊరందరికి చెప్పిన గదా. ఆయనకు వినవడలేదంటవా?" అన్నది.

ఏమంటం ఇగ... మీ కడుపులు సల్లగుండాలె బిడ్డా...