ప్రేమ్ కుమార్ కొబ్బరినీళ్ల వల్ల చనిపోలేదు

నా పేరు గడ్డం సుగుణ. వయసు యాభై నాలుగు. నల్లగండ్లలో ఉంటాను. బట్టలు కుడతాను. పెళ్లి కాలేదు. చనిపోయిన ప్రేమ్ కుమార్ నా చిన్న తమ్ముడు. జోసెఫ్ పెద్ద తమ్ముడు. ఎస్సై గారు అడగగా, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

2011 అక్టోబరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. ఆ సోమవారం పొద్దున నేను కీర్తన చదివి ఉప్మా చేశాను. ప్రేమ్ కుమార్ గడప మీద కూర్చుని తిన్నాడు. ఉప్పు తక్కువైందన్నాడు. అతని భార్య జాయ్స్ గుండీ ఊడిన చొక్కా తెచ్చి ఇచ్చింది. తెల్ల దారం అయిపోయింది, నీలం దారంతో కుట్టాను. "ఎవలు చూస్తరక్కా గిది" అని నవ్వి తొడుక్కున్నాడు.

జోసెఫ్‌కు ఐదు కార్లున్నాయి. హైటెక్ సిటీ కంపెనీ వాళ్లను తీసుకుపోయి తెస్తాయి. ఒకటి ప్రేమ్ కుమార్ నడిపేవాడు. ఆ రోజు రాస్తారోకో. బండి తీయొద్దని డ్రైవర్లు అనుకున్నారు. జోసెఫ్ తీయాల్సిందే అన్నాడు. ప్రేమ్ కుమార్ ఐదింటి తాళాలూ తీసి దాచాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నం డబ్బా పట్టుకుని వెనక వీధిలోని కార్ల షెడ్డుకు పోయాను. జోసెఫ్ తాళాలు అడుగుతున్నాడు.

"సమ్మె అయినంక ఇస్త అన్నా. గియ్యాల బండి తీస్తే నా మొఖం ఎవలికి సూపాలె" అన్నాడు ప్రేమ్ కుమార్.

జోసెఫ్ గేటు మూశాడు. మెకానిక్ బుల్లిబాబును చేతులు పట్టుకోమన్నాడు. బానెట్ మీద బోర్లా పడేసి పాత ఫ్యాన్ బెల్టుతో కొట్టాడు. తొడల మీద కొట్టాడు. పిర్రల మీద కొట్టాడు. మళ్లీ తొడల మీద కొట్టాడు. నేను అడ్డం పడ్డాను. మోచేత్తో నెట్టాడు. నా పై పన్ను కదిలింది. డబ్బా పడి చారు ఒలికింది.

"ఎముక ఇరగకుంట కొడుతున్న. ఫికర్ చెయ్యకు అక్కా" అన్నాడు.

ప్రేమ్ కుమార్ అన్నా అన్నా అన్నాడు. చేయి నొప్పి పుడితే జోసెఫ్ చేయి మార్చుకుని కొట్టాడు.

దగ్గరి క్లినిక్‌లో ఎక్స్‌రే తీశారు. ఎముకలు బాగున్నాయన్నారు. నొప్పి మాత్రలిచ్చి పంపారు. సాయంత్రానికి తొడలు బిగుసుకుని మెరిశాయి. మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. పక్కింటి కొమురమ్మ, వేడి చేసింది, కొబ్బరి బొండాలు తాపమంది. మా ఇళ్లలో ఎవరికి మూత్రం ఎర్రగా వచ్చినా అదే చేస్తాం. జాయ్స్ తాపింది. మంగళవారం మూత్రమే రాలేదు. నీళ్లు చాలలేదేమోనని ఇంకా తాపింది.

బుధవారం పొద్దున పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు గారు మాకు అర్థమయ్యేలా చెప్పారు. దెబ్బలకు కండ నలిగి, అందులోని ఎర్ర పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలకు అడ్డం పడింది. నలిగిన కండ నుంచి పొటాషియం వచ్చింది. కొబ్బరినీళ్లలోనూ అదే ఉంటుంది. మూత్రం ఆగితే అది బయటికి పోదు, గుండెను పడుతుంది. డయాలసిస్‌కు సిద్ధం చేస్తుండగానే గుండె ఆగింది. ఛాతీ మీద చాలాసేపు నొక్కినా మళ్లీ కొట్టుకోలేదు.

ఎవరు కొట్టారని డాక్టరు గారు అడిగారు. నేను నోరు తెరవకముందే జోసెఫ్, "రాస్తారోకోల తన్నిండ్రు సార్" అన్నాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో కూర్చున్నాం. జోసెఫ్, మా చిన్నాయన ఆరోన్, జాయ్స్, నేను. నిజం చెబుదామన్నాను.

"నేను కొట్టినయి నాలుగు దెబ్బలు. పాణం తీసింది నీ నీళ్లు" అని జోసెఫ్ జాయ్స్‌తో అన్నాడు. జాయ్స్ తన చేతుల వైపు చూసుకుంది.

"ఒకడు పాయె. ఇంకొకన్ని జైలుకు తోలుదామా బిడ్డా" అని చిన్నాయన నన్ను అడిగాడు.

మా ఇంట్లో ఏ తీర్మానమైనా ప్రార్థనతో ముగుస్తుంది. ఆమెన్ అన్నవారు మళ్లీ మాట మార్చరు. పెద్దదాన్ని కాబట్టి నన్ను చేయమన్నారు. చేయలేదు. చిన్నాయన చేశాడు. సమ్మె చేసేవాళ్లే కొట్టారని అందరం చెప్పాలి. ఎవరైనా కాదంటే, కొబ్బరినీళ్లు తాపి జాయ్స్ చంపిందని చెప్పాలి. ఇదీ తీర్మానం. జోసెఫ్ ఆమెన్ అన్నాడు. జాయ్స్ కూడా ఆమెన్ అంది. నేను అనలేదు.

రాసింది నాకు చదివి వినిపించారు. నేను చూసిందీ విన్నదీ తప్ప ఇందులో వేరే లేదు. దేవుని ఎదుట ఇది నిజం.

(సంతకం) గడ్డం సుగుణ