ఆకుపచ్చ కారుకు కట్టిన రెండు గంటల డబ్బు

లింకన్ కౌంటీ కోర్టు, చిన్న దావాల విభాగం
ప్రతివాది వాంగ్మూలం

నా పేరు ఐలీన్ డౌస్. వయసు డెబ్బై మూడు. లౌత్ పట్టణంలో కాపురం. బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండే పనిలో ఇరవై ఆరేళ్లు ఉండి మానేశాను. నా భర్త నెవిల్ డౌస్, వయసు డెబ్బై ఏడు. చుట్టుపక్కల పల్లెలకు వెళ్లే బస్సుకు ముప్పై ఏడేళ్లు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. కారు నా పేరున ఉంది కాబట్టి దావా నా మీద పడింది. ఆ రోజు కారు నడిపింది మాత్రం ఆయన. ఎవరు నడిపారో బయటపెట్టనక్కర్లేదని, పెట్టకపోతేనే మేలని ఇంటర్నెట్ చదివిన ప్రతివాళ్లూ నాకు సలహా ఇచ్చారు. అయినా చెబుతున్నాను.

పేరాలకు అంకెలు వేసి రాయాలని కోర్టువారి కాగితంలో ఉంది. ఏడాదిగా అంకెలతో మా ఇంట్లో చాలా పేచీ అయింది, అందుకని వేయలేదు. మన్నించాలి.

2024 మార్చి 13, బుధవారం, సంత రోజు. నాకు జలుబు చేసి ఇంట్లోనే ఉన్నాను. నా భర్త ఉదయం పదిన్నరకు ఒక్కరే కారు తీసుకుని ఊళ్లోకి వెళ్లారు. పన్నెండున్నరకు తిరిగొచ్చారు. క్షవరం చేయించుకుని, రెండు హాడక్ చేపలు, ఒక ప్లమ్ బ్రెడ్ తెచ్చారు. చేపల కొట్టు వెనక ప్రైవేటు పార్కింగులో కారు పెట్టానని చెప్పారు.

"రెండు గంటలకి రెండు పౌండ్ల నలభై పెన్నీలు! గుర్రాన్ని కట్టేసి గడ్డి పెట్టినా ఇంత అడగరు," అని కోటు విప్పుతూ గొణిగారు.

మంగలి మెడ వెనక మరీ పైదాకా గొరిగేశాడు. చలికి టోపీ పెట్టుకోమన్నాను. ఆ రోజు జరిగింది అంతే.

మార్చి 25న ఆ పార్కింగు నడిపే వాది సంస్థ నుంచి నోటీసు వచ్చింది. మా కారు 10.41కి లోపలికి వెళ్లిందని, 12.19కి బయటికి వచ్చిందని, గేటు దగ్గరి కెమెరా ఫొటోలు రెండు అచ్చు వేశారు. ఈ కారుకు డబ్బు కట్టలేదు కనుక వంద పౌండ్లు కట్టాలి, పద్నాలుగు రోజుల్లో కడితే అరవైతో సరిపెడతాం అని ఉంది.

నా భర్త దాన్ని రెండుసార్లు చదివారు.

"కట్టలేదా? నేనా? చిల్లర ఒక్కొక్కటీ లెక్కపెట్టి వేశానే! ముప్పై ఏడేళ్లు బస్సులో జనం దగ్గర చిల్లర తీసుకున్నవాణ్ణి, నాకు కట్టడం తెలీదా?"

"పోనీ అరవై పారేసి వదిలించుకుందాం, నెవిల్."

"చేయని తప్పుకి అరవై ఎందుకు, ఆరు కూడా ఇవ్వను. మిషను చెడిపోయింది. రాయి, పిల్లా."

మా ఇంట్లో రాతకోతలు నావి, స్టీరింగు ఆయనది. యాభై ఏళ్లుగా అదే ఒప్పందం. ఆయన కిటికీ దగ్గర నిలబడి చెబుతుంటే నేను అప్పీలు రాశాను. మిషను ఇచ్చిన టికెట్టు జతచేద్దామంటే దొరకలేదు. ఆయన ప్రతి ఆదివారం కారు లోపలా బయటా కడుగుతారు, ఆ కడగడంలో అదీ పోయింది. అప్పీలును వాది సంస్థ తోసిపుచ్చింది. బయటి మధ్యవర్తుల దగ్గర రెండో అప్పీలు వేశాను. దానికి జవాబుగా వాది సంస్థ తన సాక్ష్యాల కట్ట నాకు పంపింది. అది జూన్ 11న వచ్చింది.

ఆ సమయంలో ఆయన పెరట్లో చిక్కుడు తీగకు కర్రలు పాతుతున్నారు. నేను వంటింటి బల్ల మీద కట్ట విప్పాను. ఆ ఉదయం మిషనులో డబ్బు వేసినవాళ్ల జాబితా అందులో ఉంది. ఆ మిషనులో ముందు కారు నంబరు నొక్కాలి, తర్వాత నాణేలు వేయాలి. ఎవరు ఏ నంబరు నొక్కారో, ఎప్పుడు ఎంత కట్టారో వరసగా ఉంది. మా కారు నంబరు లేదు. 10.44 దగ్గర రెండు పౌండ్ల నలభై పెన్నీలు కట్టినట్టు ఉంది. దాని పక్కన ఉన్న నంబరు సి 418 కె.ఎఫ్.డబ్ల్యూ.

ఆ నంబరు నాకు తెలుసు. అది మా పొడుగాటి ఆకుపచ్చ ఎస్టేటు కారు. 1986లో కొన్నాం, 1995లో అమ్మేశాం. ఆయన నాకు డ్రైవింగు నేర్పింది ఆ కారులోనే. మేబుల్‌థార్ప్ సముద్రం ఒడ్డున వెనక్కి తీస్తూ ఐస్‌క్రీం బండిని గుద్దాను కూడా. మా అమ్మాయి గిలియన్ వెనక సీట్లో వాంతి చేసుకున్న మరక ఎంత తోమినా పోలేదు. కొన్నవాడు ఆ మరక చూపించి యాభై పౌండ్లు తగ్గించాడు.

నా భర్త ఆ రోజు డబ్బు కట్టారు. అబద్ధం ఆడలేదు. ఇరవై తొమ్మిదేళ్ల కిందట అమ్మేసిన కారుకు కట్టారు.

పెరట్లోంచి ఆయన ఈల వినిపిస్తోంది. నేను ఆ జాబితాను చెంచాల సొరుగులో అడుగున పెట్టాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన ఊరంతా చెబుతారు. ఆయన దగ్గర ఆ నువ్వుగింజ ఎనిమిది నెలలు నానింది.

అప్పుడు గుర్తొచ్చిన సంగతి ఒకటి కోర్టుకు చెప్పాలి. ఆ ఏడాది జనవరిలో మేమిద్దరం కారులో హార్న్‌కాసిల్ వెళ్తున్నాం. దారిలో ఒక బస్సు స్టాపు దగ్గర ఆయన కారు ఆపారు. అక్కడ ఎవరూ లేరు. కాసేపు ఆగి, అద్దంలో వెనక్కి చూసుకుని, మళ్లీ బయల్దేరారు. నేను పగలబడి నవ్వాను. ఆయనా నవ్వారు. నన్ను ఆటపట్టించారనుకున్నాను.

జూన్ 13న వాది సంస్థకు ఫోను చేశాను. మాట్లాడినావిడ పేరు షనీస్ అని చెప్పింది. నంబరు నొక్కింది మా ఆయనని చెప్పాను. మర్యాదగానే మాట్లాడింది.

"వేరే కారు నంబరు పొరపాటున నొక్కారంతేనా మేడమ్? ఆ కారు మీదేనని ఏదైనా రుజువు పంపండి. ఇరవై పౌండ్లు కట్టించుకుని మూసేస్తాం. ఆ కారు ఇప్పుడు మీ దగ్గరే ఉందా?"

"లేదమ్మా. అమ్మేశాం."

"ఎప్పుడు అమ్మారు?"

"తొంభై ఐదులో."



"మేడమ్, సారుకి ఒంట్లో బాగానే ఉందా?"

నేను ఫోను పెట్టేశాను. ఆ పిల్ల తప్పేమీ లేదు. నేను ఎవరికీ చెప్పని మాట ముక్కూ మొహం తెలియని పిల్ల ఒక్క ప్రశ్నలో పట్టేసింది. రుజువేదీ పంపలేదు. రెండో అప్పీలూ పోయింది. వంద కాస్తా నూటడెబ్బై అయింది, నవంబరులో కోర్టు కాగితాలు వచ్చాయి. అప్పుడు హల్ పట్టణంలో ఉండే గిలియన్‌ను రమ్మని సంగతంతా చెప్పాను. ఆయన సెలూనుకు వెళ్లిన సమయం చూసి చెప్పాను.

"అమ్మా, ఇంత పెట్టుకుని కూర్చున్నావా? ఆ నంబరు సంగతి రాసి పడెయ్, కేసు కొట్టేస్తారు."

"కొట్టేస్తారు. తర్వాత?"

"తర్వాత నాన్నని డాక్టరుకి చూపిద్దాం."

"డాక్టరు కారు తాళాలు తీసుకోమంటాడు. తాళాలు లేని మీ నాన్నని నువ్వు ఎప్పుడైనా చూశావా? నేను చూడలేదు."

"బడి ముందు ఏ పిల్లాణ్ణో గుద్దితే అప్పుడు చూస్తావా?"

నేను ఆ బడిలోనే వండాను. గిలియన్ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆయన వచ్చేసరికి ఇద్దరం ఉల్లిపాయలు తరుగుతున్నాం.

కేసు గెలవాలంటే నా భర్తకు మతి తప్పుతోందని, ఆయన పక్కన కూర్చుని ఉండగా, జడ్జీగారి ఎదుట నేను చెప్పాలి. చెప్పకపోతే ఓడిపోతాను, ఆయన కారు నడుపుతూనే ఉంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంకో మాట కూడా దాచను. జడ్జీగారే ఆయనకు చెప్పేస్తే బాగుండునని ఆశపడ్డాను. నా మాట ఆయన వినరు, ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. కోటు వేసుకున్న పెద్దమనిషి చెబితే వింటారు. యాభై ఏళ్లు కాపురం చేసి, ఆ మాట చెప్పే పని ఇంకొకరి నెత్తిన పెట్టాలని చూశాను. సిగ్గుగా ఉంది.

అందుకని నిన్న, 2025 ఫిబ్రవరి 4, మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటలకు నేనే చెబుదామనుకున్నాను. ఆయన వంటింట్లో పాత పేపరు పరచుకుని, విచారణకు వేసుకోవాల్సిన బూట్లకు పాలిష్ పెడుతున్నారు. జాబితా తీసి ఆయన ముందు పెట్టాను.

"ఏంటిది?"

"ఆ రోజు పార్కింగుకి డబ్బు కట్టినవాళ్ల లెక్క. కంపెనీవాళ్లు పంపారు."

కళ్లజోడు పెట్టుకున్నారు. బస్సు టైములు చూసుకునేటప్పుడు చేసినట్టు, ఒక్కో వరసా వేలు పెట్టి చూసుకుంటూ కిందికి వచ్చారు. 10.44 దగ్గర వేలు ఆగింది. నేను కుర్చీ పట్టుకుని నిలబడ్డాను.

"ఇదిగో!" అన్నారు. "చూడు, చూడు! పదీ నలభై నాలుగు. రెండు పౌండ్ల నలభై. నేను మొదట్నుంచీ మొత్తుకోవడం లేదూ?"

"అది ఏ కారు, నెవిల్?"

"ఏ కారేంటి? మన కారే."

"నంబరు చదువు."

కాగితం వైపు చూడకుండా, నా వైపు చూసి నవ్వుతూ, మొత్తం నంబరు గడగడా చెప్పారు. "నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నీ ఫోను నంబరే నాకు గుర్తుండదు, నా బండిది గుర్తుంటుంది," అన్నారు.

"ఆ కారు ఎక్కడుంది?"

బ్రష్షుతో కిటికీ వైపు చూపించారు. "బయటే ఉంది కదా."

బయట మా బూడిదరంగు చిన్న కారు ఉంది. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు. ఆయన మొహంలో ఏ తేడా లేదు.

"ఏంటలా అయిపోయావు, పిల్లా? ఒంట్లో బాగుందా?" అని లేచి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. జ్వరం లేదన్నారు. సాయంత్రం అద్దంలో చూసుకుంటే నుదుటి మీద నల్లటి పాలిష్ వేళ్ల గుర్తులు ఉన్నాయి.

ఆ తర్వాత ఆయనే గిలియన్‌కు ఫోను చేశారు. "మీ నాన్న గెలిచాడే! రుజువు వాళ్లే పంపారు, వెర్రి నాగన్నలు!" అని గట్టిగా చెప్పారు. అవతలి నుంచి గిలియన్ ఏమందో నాకు వినపడలేదు. ఆయన ఎంత సంతోషంగా ఉన్నారంటే, ఈ ఏడాది కాలంలో అంత సంతోషంగా ఆయన్ను నేను చూడలేదు.

ఈ రోజు ఉదయం గిలియన్ వచ్చి కారు తాళాలు రెండు జతలూ తీసుకెళ్లింది. తాళాలేవని ఆయన నన్ను మూడుసార్లు అడిగారు. సంతలో నేనే పోగొట్టానని చెప్పాను. "రాతకోతలు చూసుకోవే తల్లీ అంటే తాళాలు పట్టుకుంటావెందుకు?" అని తిట్టి, సోఫా కింద వెతుకుతున్నారు. ఇది రాస్తున్నప్పుడు కూడా వెతుకుతూనే ఉన్నారు. సోమవారం డాక్టరు దగ్గర సమయం తీసుకున్నాం.

మిషను చెడిపోయిందని నా మొదటి అప్పీలులో రాసింది తప్పు. మిషను బాగానే పనిచేసింది. వాది సంస్థకు రెండు గంటల డబ్బు పూర్తిగా ముట్టింది. అది చాలదని కోర్టు అనుకుంటే ఎంతైనా కడతాను, వాదించను. అడిగేది ఒక్కటే. ఫిబ్రవరి 20న విచారణకు నా భర్త టై కట్టుకుని వస్తారు. "నేను డబ్బు కట్టానా లేదా?" అని జడ్జీగారిని అడుగుతారు. కట్టారని చెప్పండి. ఏ కారుకని ఆయన్ను అడగకండి. ఈ కాగితాన్ని ఆయన వింటుండగా పైకి చదవకండి.

అబద్ధమని తెలిసి కోర్టుకు రాస్తే శిక్ష పడుతుందని నాకు తెలుసు. తాళాలు సంతలో పోయాయని నా భర్తతో అన్నది అబద్ధం. కోర్టుకు ఇందులో రాసింది అంతా నిజం.

సంతకం: ఐలీన్ డౌస్
లౌత్, 2025 ఫిబ్రవరి 5