పదమూడు నిమిషాల్లో ఆ డిస్క్ ఎంత మోయగలదు

నా పేరు పూర్ణిమ. తండ్రి పేరు రంగనాయకులు. వయస్సు ఇరవై ఏడు. సొంత ఊరు కదిరి. మూడేళ్లుగా హోసూరులో పని చేస్తూ, జూజువాడిలో అద్దె గదిలో ఉంటున్నాను. కారు విడిభాగాల అచ్చులు తయారుచేసే ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునే టెక్నీషియన్‌ని. 2025 నవంబరు 28 సాయంత్రం నుంచి సస్పెన్షన్‌లో ఉన్నాను. తమిళం మాట్లాడగలను, చదవలేను. అందుకే తెలుగులో చెప్పుకోనివ్వమని న్యాయమూర్తి గారిని అడిగాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ పంపలేదు.

మాదప్ప గారు మా ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్. వయస్సు యాభై ఏడు. ఊరు కెలమంగలం. ఆయన భార్య పచ్చయమ్మ గారు ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు. నేను చేరిన మొదటి వారం క్యాంటీన్‌లో ఒక్కదాన్నే కూర్చుని ఉంటే, ఆయన వచ్చి తన డబ్బాలోని రాగిముద్ద సగం తుంచి నా పళ్లెంలో పెట్టారు. ఏ ఊరని ఆ తర్వాతే అడిగారు. మరుసటి రోజు నుంచి రెండు డబ్బాలు తెచ్చేవారు. దీనికీ కేసుకూ సంబంధం లేదని తెలుసు. అయినా రాయమని కోరుతున్నాను.

అక్టోబరు 1న ఫ్యాక్టరీలో ఆయుధపూజకు కుటుంబాలను పిలిచారు. పచ్చయమ్మ గారు స్టేజీ మీద పాట పాడారు. ఎనిమిది నిమిషాల పాట. ఆ రోజు తీసిన వీడియో డిజైన్ గదిలోని రెండో కంప్యూటర్‌లో ఉంది. ఇంట్లో టీవీలో భార్యకు చూపించాలని మాదప్ప గారికి కోరిక. నవంబరు 18 మధ్యాహ్నం నేనే నా డిస్క్ ఆయనకు ఇచ్చాను. బయటి డిస్క్ తగిలించకూడదని ఫ్యాక్టరీ నియమం. అది తెలిసే ఇచ్చాను.

ఆయన ఆ రోజు సాయంత్రం 4.09కి డిస్క్‌ను కంప్యూటర్ ముందువైపు పోర్టులో పెట్టి 4.22కి తీశారు. వీడియో కాపీ కావడానికి మూడు, నాలుగు నిమిషాలు చాలు. మిగతాసేపు ఏం చేశారని తర్వాత అడిగాను. "ఆడనే కూచోని ఒకసారి చూసినాను" అన్నారు.

అదే కంప్యూటర్‌లో అచ్చుల డ్రాయింగుల ఫోల్డర్ ఉంది, అరవై జీబీ. ఆ ఫోల్డర్‌ను 4.10 నుంచి 4.21 లోపల ఎవరో మొత్తం చదివినట్టు రికార్డులో ఉంది. మరుసటి రోజు ఆ డ్రాయింగులు బయటి కంపెనీ దగ్గర కనిపించాయి. నవంబరు 20 ఉదయం మాదప్ప గారిని అరెస్టు చేశారు. డిస్క్‌లో వీడియో ఒక్కటే దొరికింది. మిగతాది చెరిపేశాడని పోలీసులు అన్నారు. ఆయన్ను కృష్ణగిరి జైలుకు పంపారు.

మా మేనేజర్ పోలీసులకు ఒక కాగితం ఇచ్చారు. అది డ్రైవర్ రాసిన రికార్డులోని ఒక వరుస. డ్రైవర్ అంటే కంప్యూటర్‌కూ దానికి తగిలించిన వస్తువుకూ మధ్య పని చేసే సాఫ్ట్‌వేర్. డిస్క్ తగిలించగానే అది రెండు సంగతులు తెలుసుకుని రాస్తుంది. ఒకటి, ఈ డిస్క్ ఎంత వేగం వరకు పోగలదు. రెండు, ఇప్పుడు ఈ పోర్టులో ఏ వేగానికి కుదిరింది. మేనేజర్ ఇచ్చిన కాగితంలో మొదటిదే ఉంది. సెకనుకు ఐదు గిగాబిట్లు. ఆ లెక్కన అరవై జీబీ పదకొండు నిమిషాల్లో సులువుగా పోతుంది. రెండో వరుస కాగితంలో లేదు. అందులో ఏముంటుందో నాకు తెలుసు. ఆరు రోజులు నోరు మూసుకున్నాను.

కారణం చెబుతాను. జూన్‌లో ఆ కంప్యూటర్ ముందువైపు పోర్టు తీగ మార్చింది నేను. తొందరలో బలంగా నొక్కాను. లోపల రెండు పిన్నులు వంగిపోయాయి. ఆ రెండూ పెద్ద వేగానికి సంబంధించినవి. అప్పటి నుంచి ఆ పోర్టు పాతకాలపు తక్కువ వేగంతోనే పని చేస్తోంది. మదర్‌బోర్డు పాడు చేశానని తెలిస్తే ఉద్యోగం పోతుందని చెప్పలేదు. నా పక్కన టార్చి పట్టుకుని నిలబడింది మాదప్ప గారు. ఆయన మూత బిగించి, "పని చేస్తాండాది కదా, ఏడవద్దు" అన్నారు.

నవంబరు 26న పచ్చయమ్మ గారితో కృష్ణగిరి జైలుకు వెళ్లాను. ఆయన ఊచల అవతల నిలబడి, ముందు నన్నే అడిగారు.

"క్యాంటీన్‌లో తింటాండావా అమ్మా?"

తింటున్నానని అబద్ధం చెప్పాను. తర్వాత పిన్నుల సంగతి చెప్పాను. ఆ రెండో వరుస బయటికి వస్తే ఆయన నిర్దోషి అని తేలుతుందని చెప్పాను.

"అట్లయితే పిన్నులు వంచింది నువ్వని తెలుస్తాది కదా?"

"తెలుస్తాది."

"చెప్పొద్దులే. నా సర్వీసు ఇంక ఒక్క సంవత్సరమే ఉండాది. నీకు ముప్పై ఏండ్లు ఉండాది."

పచ్చయమ్మ గారు ఊచలు రెండు చేతులా పట్టుకున్నారు. "పాప చెప్తానంటే వద్దంటావా? నీకు ఈడ బాగుంటే ఉండు. నాకు ఇంటికాడ పురుగులకు ఆకు కోసేవాళ్లు లేరు" అన్నారు. ఆమె గొంతు పెంచలేదు. మాదప్ప గారు తల వంచుకున్నారు. తిరుగు బస్సులో ఆమె నా చెయ్యి వదల్లేదు. జరిగినదానికి ఒక్క మాట అనలేదు.

మరుసటి రోజు ఉదయం 10 గంటలకు ఎస్సై శశికుమార్ గారి దగ్గరికి వెళ్లాను.

"నాకు అర్థమయ్యేట్ల చెప్పమ్మా. డిస్క్ మీదనే ఐదు గిగాబిట్లని అచ్చేసి ఉండాది" అన్నారు.

"అది ఎంత పోగలదో సార్. ఆ పొద్దు ఎంతలో పోయిందో డ్రైవర్ వేరే రాసింది."

నవంబరు 28 ఉదయం 11 గంటలకు ఆయన ఫ్యాక్టరీకి వచ్చారు. పూర్తి రికార్డు తెరిపించారు. రెండో వరుస అందులోనే ఉంది. సెకనుకు నాలుగు వందల ఎనభై మెగాబిట్లు, అంటే పదో వంతు కూడా కాదు. ఆ వేగంతో పదమూడు నిమిషాల్లో కాగితం మీద లెక్క వేసినా నలభై ఏడు జీబీ దాటదు. నిజంగా అందులో సగమే పోతుంది. లెక్క నమ్మనని, చేసి చూపించమన్నారు. అదే రకం కొత్త డిస్క్ తెప్పించి, అదే పోర్టులో పెట్టి, అరవై జీబీ ఉత్తుత్తి ఫైళ్లు కాపీ చేశాం. ఎస్సై గారు ఫోన్‌లో టైం పెట్టారు. పదమూడో నిమిషానికి ఇరవై మూడు జీబీ పోయింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మొత్తం పోవడానికి ముప్పై నాలుగు నిమిషాలు పట్టింది.

తర్వాత కంప్యూటర్ మూత తీయించి పిన్నులను ఫొటో తీశారు. లోపల తీగలన్నీ పట్టుదారంతో కట్టి ఉన్నాయి. మాదప్ప గారు ఏ తీగనైనా అలాగే కడతారు. ఆ దారం పచ్చయమ్మ గారు ఇస్తారు.

"ఈ పిన్నులు ఎవరు వంచినారు?" అని మేనేజర్ అడిగారు.

"నేనే" అన్నాను.

సాయంత్రం సస్పెన్షన్ కాగితం చేతికిచ్చారు. సంతకం చేసి తీసుకున్నాను. డ్రాయింగులు నెట్‌వర్క్ మీదుగా వేరే గది నుంచి చదివారా అని ఇప్పుడు విచారణ జరుగుతోందని విన్నాను. ఎవరు చదివారో నాకు తెలియదు. తెలియనిది చెప్పను.

డిసెంబరు 1న మాదప్ప గారికి బెయిలు వచ్చింది. పచ్చయమ్మ గారు, నేను కృష్ణగిరి వెళ్లి తీసుకొచ్చాం. బస్సులో ఆమె కిటికీ పక్కన, ఆయన మధ్యలో, నేను ఈ చివర కూర్చున్నాం. ఆయన నా ఉద్యోగం సంగతి అడిగారు. ఆపి పెట్టారని చెప్పాను. బస్సు శూలగిరి దాటాక ఆయన నా వైపు తిరిగారు.

"ఆ పొద్దు నేను టార్చి సరిగ్గా పట్టి ఉంటే పిన్నులు వంగేవి కాదు" అన్నారు.

కాదని చెప్పాను. టార్చి ఆయన సరిగ్గానే పట్టారు. వెలుతురు బాగానే ఉంది. తప్పు నా చేతిది. ఆ మాట ఇక్కడ కూడా రాయమని కోరుతున్నాను.

నేను చెప్పినదంతా కోర్టు గుమస్తా రాశాక న్యాయమూర్తి గారు నాకు చదివి వినిపించారు. మార్పులేమైనా ఉన్నాయా అని అడిగారు. ఒక్కటే ఉందన్నాను. "ముద్దాయి మాదప్ప" అని రాసిన ప్రతి చోటా కొట్టేసి "మాదప్ప గారు" అని రాయమని అడిగాను. నేను ఆయన్ను అలాగే పిలుస్తాను కాబట్టి, నా వాంగ్మూలంలో అలాగే ఉండవచ్చని ఒప్పుకున్నారు. ఏడు చోట్ల దిద్దారు. దిద్దిన ప్రతి చోటా నేను పొడి సంతకం పెట్టాను.

పైన ఉన్నది నేను కళ్లారా చూసింది, నా చేతులతో చేసింది, చెవులారా విన్నది. ఇందులో దాచిందీ లేదు, కల్పించిందీ లేదు.

(సంతకం)
ఆర్. పూర్ణిమ
హోసూరు, 3 డిసెంబరు 2025, మధ్యాహ్నం 12.40