కంప్యూటర్లో పేలని పెట్టె

సంతకమా? దీని మీదా? ‘అతుకు సరిగా వెయ్యనందువల్ల కన్వర్టర్ పేలింది’ అని మీరే టైపు చేయించి, కింద నన్ను సంతకం పెట్టమంటారా? విచారణాధికారి గారూ, మీరు జన్మలో ఒక్కసారైనా టంకం వేశారా? పోనీ, వేసేవాళ్లని దగ్గర్నుంచి చూశారా?

టంకం బాబాయ్ అంటాం మేమంతా ఆ అతుకు వేసినాయన్ని. ముప్పై ఏళ్ల సర్వీసు. బోర్డు విరగాలే గానీ ఆయన వేసిన అతుకు ఊడదు. అలాంటి మనిషి కంటికి కట్టుతో ఇంట్లో కూర్చుంటే, ఇప్పుడు ఉద్యోగం కూడా పీకేస్తారట. ఆడలేక మద్దెల ఓడని ఊరికే అన్నారా?

మా మేనేజరు మీకేం చెప్పాడో నాకు తెలుసు లెండి. తొంభై ఎనిమిది శాతం ఎఫిషియెన్సీ. చిలక్కి ఒకటే పలుకు. ఆ కన్వర్టర్ పెట్టె బ్యాటరీ కరెంటుని లిఫ్టు మోటారుకి తగ్గట్టు మారుస్తుంది. వంద లోపలికిస్తే తొంభై ఎనిమిది బయటికి రావాలి, తక్కింది వేడిగా పోతుంది. ఆ ముక్కైనా తెలుసా ఆయనకి? మీటింగులో ఫిల్టర్ సంగతెత్తితే, కాఫీకా అని నవ్వాడు. కరెంటులో ఒడిదుడుకుల్ని ఆపే జల్లెడండీ బాబూ అది!

కొనుగోళ్లాయన ఇంకా మహానుభావుడు. ఆ ఫిల్టర్లోకి నేను రాసిచ్చిన కెపాసిటర్ ఒకటి, తెచ్చింది ఇంకోటి. ఇదేంటంటే, రెండూ నీలంరంగే కదమ్మా అన్నాడు. నేనే తిప్పి పంపించి సరైనవి తెప్పించాను. కాబట్టి వాటి తప్పూ కాదు.

పెన్ను ఆపేశారేం? మరి దేని తప్పంటారా?

చెప్తాను. తయారుచేసే ముందు పెట్టెను కంప్యూటర్లో నడిపి చూస్తాం. స్విచ్ వెయ్యగానే ఫిల్టర్లో ఓల్టేజి రెట్టింపై ఊగేది. మూడు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి ఊపు తగ్గడానికి చిన్న రెసిస్టర్ ఒకటి పెట్టాను. గీత నున్నగా వచ్చింది. మేనేజరు ఆ గీతనీ, పక్కనే సర్క్యూట్ బొమ్మనీ అచ్చేయించి గోడకి అంటించాడు.

బోర్డులో మాత్రం ఆ రెసిస్టర్ పెట్టలేదు. పెడితే తొంభై ఏడున్నరకి పడిపోతుంది. నిజం తీగల్లో ఆమాత్రం అడ్డు ఎలాగూ ఉంటుందిలే అనుకున్నాను. మేనేజర్ని వెక్కిరిస్తాను గానీ, ఆ తొంభై ఎనిమిది నాకూ కావాలి.

అతుకు అన్న మాట కొట్టేసి, డిజైన్ అని రాయండి. పక్కన నా పేరు రాయండి. అప్పుడు పెడతాను సంతకం.

ఆగండి, ఇంకొకటుంది. అదీ రాసుకోండి.

పెట్టె పేలిన రోజు ఉదయం టంకం బాబాయ్ బోర్డు చేత్తో పట్టుకుని, గోడమీది బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ‘‘అమ్మాయ్, ఇక్కడున్న ఈ చిన్నది నా బోర్డులో లేదేంటమ్మా?’’ అనడిగాడు.

నేను తల కూడా ఎత్తలేదు. ‘‘అతుకులు నీవి, డిజైన్ నాది బాబాయ్’’ అన్నాను.

సరేనమ్మా అని వెళ్లి స్విచ్ వేశాడు.