ఒకే పేరున ఇద్దరు

ఇంకా నవ్వుతున్నావా అన్నయ్యా? ఛీ! నాకు టిఫినూ వద్దు, కాఫీ వద్దు. అమ్మ గుళ్లోంచి వచ్చేలోగా నీతో తేల్చుకోవాలనే మొదటి బస్సెక్కి గుంటూరు నుంచి వచ్చాను.

నా ఉద్యోగం ఏంటో నీకెప్పుడైనా అర్థమైందా? టెస్టింగ్ అంటే బటన్లు నొక్కుకుంటూ కూర్చోవడం అనుకుంటావు. ఎవరో రాసిన యాప్ ఎక్కడ తప్పుతుందో నేను కనిపెట్టాలి. ఎలా కనిపెట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు! బ్రాడీపేట కోచింగ్‌లో ఏం నేర్పారు? పేరు రాసేచోట ఖాళీ వదిలెయ్, ఫోన్ నంబరు చోట అక్షరాలు కొట్టు. అంతే. అవే తిప్పి తిప్పి పట్టుకెళ్తే మా లీడ్ త్రినాథ్ గారు మొహం చిట్లించేవారు. "ఇవి పుస్తకంలోవమ్మా శ్రీరమ్యా, నీ బుర్రలోవి ఏవీ?" అని అందరి ముందూ. బాత్రూంలోకెళ్లి ఏడ్చేదాన్ని, తెలుసా? ఉంచుతారో పంపేస్తారో అని ఒకటే దిగులు.

ఆ యాప్ మన ఊరి పక్క కోల్డ్ స్టోరేజీ వాళ్లదేగా. ఎవరి మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, ఎన్ని ఉన్నాయో చూపిస్తుంది, బయటికి తీయాలంటే రైతు ఫోన్‌కి ఓటీపీ పంపిస్తుంది. మొన్న దాని ముందు దిష్టిబొమ్మలా కూర్చున్నా. ఒక్కటీ తట్టదే! విసుగొచ్చి, మన ఇంట్లోవాళ్ల చేతికిస్తే ఏం చేస్తారా అని ఆలోచించా. నాయనమ్మయితే ఏదో ఒకటి మోగేదాకా అన్నీ నొక్కుద్ది. బాబాయి కళ్లజోడు పెట్టుకోకుండానే సరే సరే అంటాడు. నీ దగ్గరికొచ్చేసరికి తట్టింది. తాతయ్య పేరు నీకూ పెట్టారు, బాబాయి కొడుక్కీ పెట్టారు, బాబాయి సరుకంతా వాడి పేరునేగా ఉండేది. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే. మనం పెద్దోడు, చిన్నోడు అనుకుంటాం. ఆ యాప్‌కేం తెలుసు? ఇద్దరు వెంకటనారాయణలూ ఒక్కడే అనుకుంటే?

అబ్బ, ఎంత సంబరపడ్డానో! నా సొంత ఐడియా! సార్‌కి కూడా చెప్పకుండా ముందు నీకే ఫోన్ చేశా. నీ పేరున ఎన్ని ఉన్నాయో చూడన్నయ్యా అన్నా. చూశావు. బాబాయి వాళ్లవి కూడా కలిసిపోయి కనిపిస్తున్నాయన్నావు. అయితే వాటి ఓటీపీ కూడా నీకే వస్తుందని నేనే, మహా తెలివిగా, వివరించి మరీ చెప్పా.

చెప్పింది తప్పు దొరికిందని! నువ్వెళ్లి తీసుకోమని కాదు! తెల్లారేసరికి లారీ పెట్టి బాబాయి సరుకు మిర్చి యార్డుకి తోలించేస్తావా? అన్నం తినే మనిషి చేసే పనేనా ఇది?

ఏంటీ? బాబాయి వాళ్లు గట్టు జరిపి మన చేలోకి వచ్చారా? అయితే గట్టు మీద నిలబడి అడుగు. ధర వస్తుందని ఆయన ఏడాది పంటంతా ఆ కోల్డ్ స్టోరేజీలోనే దాచుకున్నాడు. కాటా ఇంకా కాలేదుగా? కమీషన్ కొట్టుకి ఫోన్ చెయ్, ఆపమను. చెయ్ అన్నయ్యా! జేబులోంచి తీస్తున్న ఆ చీటీ ఏంటి?

అమ్మేశావా?

నిన్ను చూస్తుంటే అసహ్యం వేస్తోంది. తల పక్కకి తిప్పకు, నన్ను నేను చూసుకున్నా వేస్తోందిలే.

నిన్న సాయంత్రం బాబాయి నాకే ఫోన్ చేశాడు. చిన్నోడు సరుకు కోసం వెళ్తే, పొద్దున్నే తీసుకెళ్లావుగా వెంకటనారాయణా అన్నారట స్టోరేజీ వాళ్లు. "అమ్మాయ్, నీకు కంప్యూటర్లు తెలుసుగా, నా టిక్కీలు ఎటు పోయాయో చూసిపెట్టవే" అని బతిమాలాడు. నాకు ముందు జాలి వేయలేదు. సంతోషమేసింది. నేను పట్టిన తప్పు నిజమే అని! ఆయన్ని లైన్‌లో ఉంచే సార్‌కి మెసేజ్ పెట్టా. శెభాష్ అన్నారు, ఉద్యోగం ఖాయమన్నారు.

బాబాయితో మాత్రం, ఏమీ తెలియట్లేదు బాబాయ్, రేపు చూస్తానులే అని ఫోన్ పెట్టేశా.