మా తాత తాగని నగోనా

"మామ్మా, రికార్డ్ అవుతోంది, చెప్పు. స్కూల్ డిబేట్‌లో మా టీమ్‌కి ‘కాలనీలు ఇండిపెండెన్స్ అడగకూడదు’ అనే సైడ్ వచ్చింది. డాడ్ కూడా అంటాడు కదా, బ్రిటిష్ వాళ్ళు వెళ్ళకపోయుంటే మనం ఇంకా ఫిజీలోనే ఉండేవాళ్ళం అని. ట్రూనా? మీ తాత మిస్టేక్ చేశాడా?"

నీ డాడ్‌కేటి తెలుసే! అప్పటికాడు పుట్టనేదు. శనివారం గరాజ్‌లో నలుగురూ సేరి నగోనా, అదే ఆ వేరు దంచి కలిపిన మత్తు నీళ్ళు, తాగడం, "తెల్లోడుంటే బాగుండీది" అనడం. నగోనా తాగినోడు ఏదయినా అంటాడు. ఫోను ఇలగ దగ్గిరెట్టు. ఆ గీత ఊగుతోందంటే ఇంటోందనా? సరే.

మా తాత పేరు అప్పన్న. మీ డాడ్‌కి ముత్తాత. ఇశాపట్నం జిల్లానుంచి కుర్రోడప్పుడే గిర్మిట్ మీద ఫిజీ ఎల్లినాడు. గిర్మిట్ అంటే, అదే, తెల్లోడి సెరుకు తోటలో ఇన్నేళ్ళు కట్టుబడి పని సేస్తానని ఏలిముద్ర ఏసీడం. దొర గుర్రమెక్కి వస్తే దారి దిగి కాలవలో నిలబడాల. తాత ఓసారి దిగడం ఆలీసమయిందని ఈపు మీద సర్రున ఒకటేసినాడు దొర. ఆ మచ్చ నాను సూసినాను. తాత దాన్ని నవ్వుతూ సెప్పీవోడు. నవ్వేటో! నాకు ఒళ్ళు మండిపోయీది.

గిర్మిట్ అయిపోనాక బా అని ఊరుంది, దాని పక్కన కౌలుకి బూమి తీసుకొని సొంతంగా సెరుకేసినాడు. బూమి కాయ్‌విటీలది. అంటే ఆ దేశం సొంతోళ్ళది. ఆళ్ళ పెద్ద సకియాసి. ఓలమ్మో, గుమ్మమంత మనిషి! నవ్వితే పైన రేకులు అదిరీవి. ఈలిద్దరికీ ఎంత నేస్తమంటే, శనివారం సాయంత్రం అయితే సకియాసి ఇంట్లో సాప మీద కూకొని నగోనా తాగాల్సిందే. మా అమ్మ సేపల పులుసు పంపీది, ఆళ్ళు సేమదుంపలు పంపీవోరు, ఇంతింత లావువి. ఇక్కడ మనూరు బ్లాక్‌టౌన్ కొట్లో దొరికీవి దుంపలేటి, ఏళ్ళంతుంటాయి.

ఏటి సెప్తన్నాను? ఆఁ. అప్పుడే షిల్లింగులు పోయి డాలర్లొచ్చినాయి. రొట్టె ఎంతుండీదో తెలుసా... వద్దులే, పక్కకెల్లిపోతాను. రేడియో ఎట్టితే ఒకటే గోల, ఫిజీకి సొతంత్రం కావాలా వద్దా అని. మనోళ్ళు, మన దేశంనుంచి ఎల్లినోళ్ళు, కావాలన్నారు. కాయ్‌విటీలు అప్పుడే వద్దన్నారు. తమాసా కదేటి! దేశం ఆళ్ళది, వద్దన్నదీ ఆళ్ళే.

ఆ శనివారం తాతని తీసుకురమ్మని అమ్మ నన్ను పంపింది, నాను గుమ్మంలో ఉన్నాను. సకియాసి అన్నాడు, "అప్పన్నా, తెల్లోడు పోతే మీరు ఎక్కువమంది. రేపు మా బూమి మాది కాకుండా పోతాది." తాతకి రోసం పొడుసుకొచ్చీసింది. "అంటే నాను దొంగనా? ఇన్నేళ్ళు నీ సాప మీద కూకున్నోడు దొంగా?" అదే టైముకి కొబ్బరి సిప్పలో నగోనా అందించినారు. సప్పట్లు కొట్టి అందుకొని ఒక్క గుక్కలో తాగీయాల, అది మర్యాద. తాత అందుకున్నాడు. తాగనేదు. సాప మీద పెట్టీసి నేచి ఒచ్చీసినాడు.

ఓరి బాబో! బోజనానికి పిలిస్తే ఇస్తరాకు ముందునుంచి నేచిపోతే ఎలగుంటాదే? అంతకన్నా ఎక్కువ అది ఆళ్ళకి.

అసలు సంగతేటంటే, ఆ యేడే మా కౌలు తీరిపోతాది. సకియాసి ఊఁ అంటేనే మళ్ళీ రాస్తారు. నేకపోతే ఇల్లు ఇప్పుకొని పోవాల. మా నాన తాత కాళ్ళు పట్టుకున్నంత పని సేసినాడు, "ఎల్లి తప్పయిందను నానా" అని. తాతేమో, "గిర్మిట్లో ఒంగి ఒంగి ఉన్నాది ఈ నడుం. మళ్ళీ ఎవుడికీ ఒంగదు" అన్నాడు. అమ్మ గిన్నెలు మూట కట్టడం మొదలెట్టీసింది, ఏడుస్తూ. మా నానకి కొడుకుల్నేరు కదా, నాకు ఇల్లరికం సంబందం సూస్తన్నారు. ఇల్లే నేకపోతే ఇంక ఇల్లరికమేటి! నవ్వకు. ఇల్లు పోయుంటే మీ తాతయ్యా నేడు, నువ్వూ నేవు.

తాత అరుగు మీద ఒక్కడూ కూకొని, "నువ్వూ నాదే తప్పంటావేటే?" అన్నాడు నాతో. మరి నాకెక్కడి దైర్నమో, అనీసినాను. "తాతా, దొర కొట్టి ఒంచినాడు. సకియాసి నిన్ను కొట్టినాడా? పక్కన కూకోబెట్టుకున్నాడు." తాత మర్నాడు బజారెల్లి నగోనా వేర్లు పెద్ద కట్ట తెచ్చినాడు. "పదే" అన్నాడు.

ఆళ్ళ పద్దతిలో ఆ కట్ట రెండు సేతుల్తో పట్టుకొని, గుమ్మం పక్కన కింద కూకొని, తలొంచుకొని తప్పయిందని సెప్పాల. ఇల్లునిండా జనం. తాత అలగే కూకొని సెప్పినాడు. సకియాసి సెయ్యి సాపి కట్ట అందుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

"నువ్వు దొంగవి కావు అప్పన్నా. నాకు బయం. తెల్లోడు పోతే మనిద్దరి మద్దెన ఎవుడుంటాడు?"

తాతన్నాడూ, "ఎవుడూ ఉండడు. అందుకే పోవాల. నీ బాద నువ్వు ఆడికి సెప్పుకున్నావు, నా బాద నాను ఆడికి సెప్పుకున్నాను. మనం మనం సెప్పుకోనేదు."

"నాను ఒప్పుకోను" అన్నాడు సకియాసి. "ముందు తాగు."

తాగినాడు. కౌలు రాసినారు. సొతంత్రం వచ్చింది. జెండా దించుతుంటే సకియాసి సిన్నపిల్లోడిలా ఏడ్సినాడు, తాత పక్కనే కూకొని ఈపు రాసినాడు. ఆ ఇంట్లోనే నా పెళ్ళయింది, మీ డాడ్ పుట్టినాడు. ఆ సకియాసి రునం నాను తీర్సుకోనేను.

తరవాత అంతా మంచే జరిగిందంటే అబద్దమవుతాది. తాతా నేడు, సకియాసీ నేడు. సైన్యం తుపాకులట్టుకొని గద్దెక్కింది. మనోళ్ళ కొట్లు తగలెట్టినారు. ఆ కౌలూ తీరిపోనాది, సకియాసి కొడుకు మళ్ళీ రాయనన్నాడు. ఆడి పిల్లలకీ బూమి కావాల కదా. అయినా కబురంపి ఊరుకోనేదు. తనే వచ్చి మా గుమ్మంలో కూకొని, "దీదీ, సెరుకు కోసుకొనే ఎల్లండి, తొందర నేదు" అని బావురుమన్నాడు. ఆడికి నానే నీళ్ళిచ్చినాను.

నాను ఎవుర్నీ తిట్టను తల్లీ. అన్నం పెట్టిన బూమి అది. అది పోనాక ఈ దేశం రమ్మంది, నీడిచ్చింది. దీనికీ సొంతోళ్ళున్నారు, మీ స్కూల్లో మీటింగు ముందు ఈ బూమి ఆళ్ళదని తలుసుకుంటారట కదా. మంచి పని, మానకండి.

మా తాతని ఓడెక్కించిన తెల్లోళ్ళలో ఒక్కడయినా తాత మొగం సూడనేదు. మమ్మల్ని ఎల్లమన్నోడు మా మొగం సూసి సెప్పినాడు, సెప్పనేక ఏడ్సినాడు. ఆ పాటి మనిషితనం కోసమే తాత సొతంత్రం కావాలన్నాడు. పొరపాటేటే? బూమి పోనాది, నిజిమే, నాకిప్పటికీ కలలోకొస్తాది ఆ సెరుకు... గాని పొరపాటు కాదు.

నూరేళ్ళు సల్లగుండు తల్లీ. మీ టీమ్ పక్కే గట్టిగా మాటాడు, గెలుసుకొని రా. నువ్వు సెప్పిన మాట నువ్వు మాత్రం నమ్మకు.