తావియా పెద్దయ్య చూసిన గిన్నెలు

ఎవరి మీద కాశావ్, ఒఫోలీ? ఇటు తిప్పు ఆ ఫోను. నాకు కనపడి చావదులే, నువ్వే చదువు. ఊఁ... మన వీధి కుర్రాడు గెలిస్తే ఒకటికి మూడిస్తాడా? అంటే మనవాడు ఓడిపోతాడని ఆ ఫోనులోవాడి లెక్క. వాడెక్కడుంటాడేంటి? లండన్లోనా? సరిపోయింది. లండన్లో కూచున్నవాడికి మన బుకోమ్ కుర్రాడు నిన్న ఏం తిన్నాడో, ఎంత వదిలేశాడో తెలుసా? అది తెలీకుండా పందేలెలా కాస్తార్రా మీరు? నవ్వకు. నేను చెప్పేదీ ఆట సంగతే. మా రోజుల్లో బాక్సర్ల చేతులు చూసి పందెం కాసింది పైఊరివాళ్ళు. ఈ వీధివాళ్ళు మాత్రం తావియా పెద్దయ్యని అడక్కుండా జేబులోంచి ఒక్క సెడీ బయటికి తీసేవాళ్ళు కాదు. మీ అమ్మ చెప్పే ఉంటుంది ఆయన గురించి. ఏం చెప్పింది? ఆఁ, అదే చెబుతుంది. ఆయన కళ్ళు తప్పబట్టే మీ తాత ప్రాణం పోయిందని. అందరూ అదే చెబుతారు. ఉండు, ఆ పీట ఇలా లాక్కుని కూచో.

ఇప్పటి మీకేం తెలుసు, మొగుడూ పెళ్ళాం ఒకే గదిలో, ఒకే పొయ్యి. మాకలా కాదుగా. మొగాళ్ళ ఇల్లు మొగాళ్ళది, ఆడాళ్ళ ఇల్లు ఆడాళ్ళది. నేను మా అమ్మ దగ్గరే ఉండేదాన్ని, మీ తాత వాళ్ళ అన్నదమ్ములతో ఆ పక్క సందులో. ఇక్కడ వండి, ఆకులో చుట్టిన మొక్కజొన్న ముద్ద కెంకే, చేప, నూరిన మిరపకాయ గిన్నెలో సర్ది, పైన గుడ్డ కప్పి, ఆ ఇంటికి పంపాలి. తిన్నాక గిన్నె వెనక్కి రావాలి. చాలామంది పిల్లల చేత పంపేవాళ్ళు. నేను మాత్రం నేనే మోసేదాన్ని. కొత్తగా పెళ్ళైనదాన్ని, పైగా బాక్సర్ పెళ్ళాన్ని, ఆ టెక్కు ఎక్కడికి పోతుంది. సరిగ్గా ఆ రెండిళ్ళకీ మధ్య, సందు మలుపులో, తావియా పెద్దయ్య కూచుని వల బాగు చేసుకునేవాడు. వల ఒక కొస కాలి బొటనవేలికి తగిలించుకుని ఇలా లాగి పట్టుకునేవాడు. ఊళ్ళో బాక్సర్ల గిన్నెలన్నీ ఆయన ముందునుంచే వెనక్కెళ్ళాలి. "ఆగమ్మా" అనేవాడు. అంతే, గుడ్డ కాస్త ఎత్తి చూసేవాడు. ముక్కుతో ఏదో పాట మూలిగేవాడు చూస్తున్నంతసేపూ. ఆ ముక్కు పాట విని విని మాకు విసుగొచ్చేది.

ఏం కనపడుతుంది ఎంగిలి గిన్నెలో, అంటావు. నార్తెయ్ అని ఒకడుండేవాడు, ఇంత భుజాలు, గుద్దితే గోడ కదిలేది. అందరూ వాడి మీదే కాస్తున్నారు. వాడి గిన్నె చూసి పెద్దయ్య, "కెంకే అంతా తిన్నాడు, చేపా తిన్నాడు, నూరిన మిరపకాయ ముట్టుకోలేదు. నాలుగు రోజుల్నించీ ఇంతే. కడుపులో పుండుందర్రా వీడికి. పొట్ట మీద ఒక్కటి తగిలితే ముడుచుకుంటాడు" అన్నాడు. ఐదో రౌండులో ముడుచుకున్నాడు. ఇంకొకడు, పేరు గుర్తు రావట్లేదు, వాళ్ళమ్మ నా దగ్గరే బొగ్గులు కొనేది, అదే, ఆ మెల్లకన్ను ఆవిడ... పోనీ. వాడు కెంకే తిని, దాని చుట్టూ ఉండే ఆకుని దారాల్లాగా సన్నగా చీల్చి గిన్నెలో పెట్టేవాడు. "చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి, మనసు బాలేదు. గెలుస్తాడు గానీ మొదటి రెండు రౌండ్లూ దెబ్బలు తింటాడు, అప్పుడు బెదిరిపోయి పందెం మార్చకండి" అన్నాడు. సరిగ్గా అలాగే అయింది. మంగళవారం సముద్రం మీదికి ఎవరూ వెళ్ళకూడదు కదా, జాలర్లంతా ఖాళీ. అప్పుడు చూడాలి ఆయన చుట్టూ. "పెద్దయ్యా, ఈసారి ఎవరు?" "పెద్దయ్యా, నా పడవ మోటారు పెడుతున్నా, మాట ఖాయమేనా?" ఆయన మాత్రం జన్మలో ఒక్క పందెం కాయలేదు. ఎందుకు కాయవు పెద్దయ్యా అంటే, "కాస్తే వాడు గెలవాలని కోరుకుంటాను. కోరుకునేవాడికి గిన్నె సరిగా కనపడదమ్మా" అనేవాడు.

పందేలొక్కటే కాదు. కోచ్‌లు కూడా వచ్చి అడిగేవాళ్ళు. చేతులూ కాళ్ళూ కోచ్ చూస్తాడు, కడుపులో ఏముందో ఆయనకెలా తెలుస్తుంది? ఒకసారి ఒక పిల్లాడికి జ్వరం దాచిపెట్టి ఆడిద్దామనుకున్నారు వాళ్ళ మామలు. పెద్దయ్య గిన్నె చూసి, వల పక్కన పడేసి, కోచ్ ఇంటికి నడిచెళ్ళి ఆట మూడు వారాలు ఆపించాడు. వాడు ఇప్పటికీ ఉన్నాడు, టెమా దారిలో టైర్ల కొట్టు. ఆయన మాటకి అంత విలువ. ఆయన వద్దంటే ఆట లేదు.

ఇప్పుడు మీ తాత సంగతి. ఆయ్‌క్వెయి. ఫొటోలో చూశావుగా, ఆ నవ్వు. దేశం బెల్టు కోసం ఆట, కుమాసీ వాడు క్వార్టెంగ్‌తో. మీ అమ్మ అప్పటికింకా పాలు తాగుతోంది. ఆటకి పన్నెండు రోజులుందనగా గిన్నె నిండుగా వచ్చింది. కెంకే కట్టు కూడా విప్పలేదు. ఏమని అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండో రోజూ అంతే. ఆ రెండు రోజులూ పెద్దయ్య ఊళ్ళో లేడు గనక సరిపోయింది. నీకిది అర్థం కాదు గానీ, పెళ్ళాం వండింది మొగుడు ముట్టకుండా తిప్పి పంపాడంటే దాన్ని వదిలేశాడని వీధంతా చాటినట్టే. పైగా మూడో రోజు పొద్దున్నే మా పక్కింటి నోరుగల్లది ఒకతి చెవిలో ఊదింది. "మీ ఆయన రెండు రోజులుగా తెల్లారేసరికి ఆ అంబలి అమ్మే హాజరా బల్ల మీద ఉంటున్నాడటగా. అంత రుచా ఆ చేతి అంబలి?" అని. నేను రెండూ కలిపేసుకున్నాను. వేరేదాని చేతి తిండి మరిగాడు, అందుకే నాది ఎక్కట్లేదు. అంతే, ఇంకేం ఆలోచించలేదు. ఇరవై రెండేళ్ళు నాకు. ఆ వయసులో రోషం తప్ప ఏముంటుంది బుర్రలో.

ఏం చేశానంటే... చెప్తాను, ఉండు. మొగాళ్ళ ఇంటికీ ఆ సందు మలుపుకీ మధ్య చేపలు పొగబెట్టే పాక ఉండేది. మధ్యాహ్నం వేళ అక్కడెవరూ ఉండరు. ఆ మట్టి పొయ్యిల వెనక కూచుని, ఆ గిన్నెలోదంతా నేను తిన్నాను. ఇంట్లో నా అన్నం నేను తినే వచ్చాను, మళ్ళీ అంతా కుక్కుకున్నాను. కవళ్ళ చేపల తలకాయలు కూడా నమిలాను. ఆ కారానికి వచ్చాయో, ఏడుపుకి వచ్చాయో, కళ్ళమ్మట నీళ్ళు. మీ తాతకో అలవాటుండేది, చేప నడుం ముల్లు మూడు ముక్కలు చేసి గిన్నె అంచున వరసగా పెట్టేవాడు. పెళ్ళాన్ని, నాకు తెలీదా? నేనూ అలాగే మూడు ముక్కలు చేసి వరసగా పెట్టాను. పది రోజులు. రోజూ రెండు భోజనాలు. మా అమ్మ నా ఒళ్ళు చూసి, "మళ్ళీ కడుపా ఏంటే?" అంది. ఇప్పుడు నవ్వొస్తోంది కదూ నీకు. నవ్వు, పర్లేదు.

పెద్దయ్య రోజూ గుడ్డ ఎత్తేవాడు. ఒకరోజు ముల్లు ముక్క చేత్తో తీసి ఎండలో పెట్టి చాలాసేపు చూశాడు. ముక్కు పాట ఆగింది. పట్టేశాడనుకున్నాను. ఆయన నవ్వి, "దవడ భలే గట్టిదమ్మా నీ మొగుడికి" అన్నాడు. ఇంటికెళ్ళాక నాకెంత ధీమా వచ్చిందో తెలుసా, తావియా పెద్దయ్య కళ్ళే కప్పేశానని. ఛ.

ఆటకి నాలుగు రోజుల ముందు, అదీ మంగళవారమే, జనం ఉన్నారు. కోచ్ వచ్చాడు. నేను గిన్నెతో అక్కడే నిలబడి ఉన్నాను, నీకు ఆ స్తంభం ఎంత దూరమో అంత దూరంలో. కోచ్ అన్నాడు, "పెద్దయ్యా, మావాడి బుగ్గలు సొట్టబోయినట్టు కనపడుతున్నాయి. చేతులు నొప్పని వారం రోజుల్నించీ ఎవరితోనూ కలబడట్లేదు. నాకేదో అనుమానంగా ఉంది. ఆపమంటే ఆపేస్తాను, నువ్వే చెప్పు" అని. పెద్దయ్య నా చేతిలో గిన్నె తీసుకుని, గుడ్డ పూర్తిగా తీసేసి ఆయనకి చూపించాడు. "చూడు. తలకాయలతో సహా. రోజూ ఇంతే. బరువు దించడానికి నువ్వు చెమట పట్టించావు, ఆ సొట్ట అదే. ఇలా తినేవాడికి ఏ రోగం ఉంటుంది?" కోచ్ హమ్మయ్య అనుకున్నాడు. జాలర్లు విన్నారు, పరుగెత్తారు పందేలు కాయడానికి. నేను... నోరు విప్పితే అయిపోయేది. ఆ తిన్నది నేను అంటే చాలు. అంతమంది మొగాళ్ళ మధ్య, నా మొగుడు నా తిండి ముట్టట్లేదని ఎలా చెప్పను అనుకున్నాను. మాట ఇక్కడిదాకా వచ్చింది, ఇక్కడిదాకా. మింగేశాను. గిన్నె తీసుకుని ఇంటికొచ్చాను.

శనివారం సాయంత్రం ఆట. ఆడాళ్ళం వెళ్ళేవాళ్ళం కాదు, రేడియోలో విన్నాం. ఆరో రౌండులో రేడియోవాడు గట్టిగా అరిచాడు, తర్వాత అరవడం మానేశాడు. మామూలుగా మాట్లాడడం మొదలెట్టాడు. అప్పుడే తెలిసిపోయింది నాకు. మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు, కళ్ళు తెరవలేదు.

పాతిపెట్టాక మీ తాత తమ్ముడు చెప్పాడు. దవడ ఎముక చిట్లింది రా. పన్నెండు రోజుల ముందు సాధనలో ఎవడో మోచేత్తో కొట్టాడు. నోరు ఇంత కూడా తెరుచుకోలేదట. అందుకే తెల్లారకముందే వెళ్ళి ఆ హాజరా దగ్గర అంబలి, అదీ గొట్టం పెట్టుకుని తాగడం. ఆ హాజరాకి అరవై ఏళ్ళు, పాపం, నా దగ్గరకొచ్చి బోరుమంది. "వదినకి చెప్పొద్దురా, అది గోల చేసి ఆట ఆపిస్తుంది, ఈ బెల్టు మళ్ళీ రాదు" అన్నాడట తమ్ముడితో. నేను గోల చేసి ఆపిస్తానని భయపడ్డాడు. నా మీద అంత నమ్మకం ఆయనకి.

ఇక వీధి పెద్దయ్య మీద పడింది. పడవ మోటార్లు పోయినవాళ్ళున్నారు, ఊరుకుంటారా? "ముళ్ళ జోస్యుడా, ఇవాళ పిల్లి ఏం తిందో చెప్పు" అని పిల్లలు కూడా. ఆయన ఆ మలుపు వదిలేసి, వల భుజాన వేసుకుని ఒడ్డు చివరికి పోయి కూచునేవాడు. ఎవరి గిన్నె ఎదురొచ్చినా మొహం తిప్పుకునేవాడు. నేనెందుకు చెప్పలేదంటావు. చెబుదామనే అనుకున్నాను. ముందు నలభయ్యో రోజు అయ్యాక చెబుదామనుకున్నాను, తర్వాత మీ అమ్మకి నడకొచ్చాక చెబుదామనుకున్నాను. అప్పటికే అందరూ ఆయనదే తప్పని ఒప్పేసుకున్నారు, ఆయనతో సహా. అలా అలవాటైపోయింది.

హోమోవో పండగ మర్నాడు పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి ఒకరి తప్పులొకరు కడుక్కుంటాం కదా. ఆ ఏడు అందరికంటే ముందు మా గడపలోకి ఆయనే వచ్చాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, "అమ్మా, నేను సరిగా చూళ్ళేదు. నీ ఇల్లు కూల్చాను. క్షమించు" అన్నాడు. మా అమ్మ పక్కనే ఉంది. చుట్టాలంతా ఉన్నారు. నేను చెంబుతో నీళ్ళిచ్చాను, "క్షమించాను పెద్దయ్యా" అన్నాను. తాగి వెళ్ళాడు. మళ్ళీ ఏడు వచ్చాడు. ఆ మళ్ళీ ఏడూ వచ్చాడు. పదకొండేళ్ళు వచ్చాడు రా. పదకొండు సార్లూ క్షమించాను.

పన్నెండో ఏడు రాలేదు, కాళ్ళు పడిపోయాయి. కబురు పెడితే నేనే వెళ్ళాను. చాప మీద ఇంతై పడున్నాడు, గదిలో మేమిద్దరమే. నా చెయ్యి పట్టుకుని, "నేను రేపోమాపో పోతాను. ఒక్కటి చెప్పమ్మా. రోజూ నువ్వే మోశావు కదా ఆ గిన్నె. ఏ గుర్తు తప్పాను నేను? ప్రతి ముల్లూ మళ్ళీ మళ్ళీ తలుచుకుంటున్నాను, దొరకట్లేదు" అన్నాడు. ఎవరూ లేరక్కడ, ఒఫోలీ. సిగ్గుపడ్డానికి ఒక్క మనిషి కూడా లేడు. నేనేమన్నానో తెలుసా? "గుర్తులేం తప్పలేదు పెద్దయ్యా. నీకు వయసైపోయింది, కళ్ళు మందగించాయి, అంతే" అన్నాను. ఆయన నా చెయ్యి వదిలి, "అంతే అయ్యుంటుందమ్మా" అన్నాడు.

...

లే, చినుకులు పడుతున్నాయి. దండెం మీద బట్టలున్నాయి, తెచ్చి లోపల పడెయ్యి.